పిల్లల్ని వంటింట్లోకి రానివ్వండి

పిల్లల చేత వంట చేయించని తల్లిని నేను తల్లి కింద జమకట్టను. వాళ్లను బయటికి తరిమేసి, ఒక్కతే హాయిగా ఉల్లిపాయలు తరుక్కునే స్వార్థపరురాలు మన డెన్మార్క్‌లో ఇంకా మిగిలి ఉందంటే సిగ్గుచేటు కాదా?

మా ఇంట్లో ఆ అనాగరికత లేదు. మావారు టోర్బెన్ ఎవరో పిల్లల పెంపకం నిపుణురాలి ఉపన్యాసం విని, ఆవిడ రాసిన పట్టిక పట్టుకొచ్చారు. ఏ వయసుకు తగ్గ పని ఆ వయసుకు. ఆ దెబ్బతో మా అరగంట వంట ఉన్నత విద్య స్థాయికి ఎదిగింది!

మొన్న పంది మాంసం ఉండలు చేశాం. మూడేళ్ల విల్‌ఫ్రెడ్‌ది గుడ్ల శాఖ. గిన్నెలో పడింది ఒకటి, మిగతావి నేలతల్లికి నైవేద్యం. ఎనిమిదేళ్ల సిగ్నె కొలతలు చూస్తుంది. చిటికెడు ఉప్పు అంటే ఎవరి చిటికెడో తేలేదాకా స్టవ్ వెలిగించనివ్వదు. పదిహేనేళ్ల మాల్టె మాంసం ముట్టడు. అయినా ఆ వయసుకు నిపుణురాలు రాసిన పని మాంసం కలపడమే.

"అమ్మా, ఈ పందికి కూడా అమ్మ ఉండే ఉంటుంది కదా?" అన్నాడు వాడు.

"ఉంటే ఉందిలేరా. కలుపు."

"నాన్నా, అమ్మ నన్ను ప్రోత్సహించట్లేదు."

"వాళ్ల మానాన వాళ్లని వదిలెయ్, రిక్కె. నువ్వు ఊరికే పక్కన నిలబడు చాలు," అన్నారు టోర్బెన్ గుమ్మంలోంచి ఫొటో తీస్తూ.

నిలబడ్డాను. ఊరంతా ఆరింటికి తిని లేచింది. మేం ఎనిమిదింటికి కూర్చున్నాం. టోర్బెన్ ఉండ కొరికి, నోట్లోంచి విల్‌ఫ్రెడ్ ఆడుకునే ప్లాస్టిక్ ఇటుక తీసి, "సృజనాత్మకత" అన్నారు. తర్వాత అందరం ఉండలు వదిలేసి, డబ్బాలో ఉన్న రై రొట్టె తిన్నాం.

ఒకప్పుడు ఐదింటికి తలుపేసుకుని, రేడియో పెట్టుకుని వండేదాన్ని. రోజంతటిలో నన్నెవరూ పిలవని సమయం అదొక్కటే. అది పోయింది. నాకు ఏడుపొస్తోంది. ఉల్లిపాయల మీదికి నెట్టేద్దామన్నా వీల్లేదు, వాటిని ఇప్పుడు సిగ్నె తరుగుతోంది.

అయితే ఆ నిపుణురాలు మహాతల్లి ఏ వయసుకూ అంట్లు తోమడం రాయలేదు. సింకులో గిన్నె చప్పుడైతే చాలు, విల్‌ఫ్రెడ్‌కు నిద్ర, సిగ్నెకు హోంవర్క్, మాల్టెకు తలనొప్పి, వాళ్ల నాన్నకు ఫోను. వంటింట్లో నరపురుగు కూడా ఉండదు. తలుపేసి రేడియో పెట్టుకుంటాను.

"పాపం, ఎన్నాళ్లు చేత్తో తోముతావ్? ఆ పాడైపోయిన డిష్‌వాషర్ బాగుచేయిద్దాం," అంటారు టోర్బెన్.

"తొందరేముంది లెండి," అంటాను.

దానికేం రోగం లేదు. ప్లగ్గు పీకింది నేనే.