పరీక్షకు వెళ్లిన మట్టి

ఆ ఉదయం రిటైరైన హెడ్మాస్టరుగారికి ఒక్కటే పని. పెరటి మట్టిని సంచిలో వేసుకెళ్లి భూసార పరీక్షకు ఇచ్చి రావాలి. పన్నెండేళ్లుగా అదే మడిలో వంకాయలు, టమాటాలు పండిస్తున్నారు. రాలిన ప్రతి ఆకునూ బడి వరండా ఊడ్పించినంత శ్రద్ధగా ఊడ్చి పారేస్తారు. తీసుకోవడమే తప్ప ఆ మట్టికి తిరిగి ఇచ్చిందేమీ లేదు. వంకాయలు గోళీకాయలంత అయ్యేసరికి భార్య తేల్చి చెప్పింది.

"మట్టిలో పస లేదని వస్తే సిమెంటు చేయించేస్తాను. స్కూటరన్నా పెట్టుకోవచ్చు."

ఆయనకు ఆ పెరడంటే ప్రాణం. పార పట్టుకోగానే పాత బుద్ధి మేలుకుంది. ఇన్‌స్పెక్టరు వచ్చినప్పుడల్లా తెలివైన పిల్లల్నే ముందు బెంచీలో కూర్చోబెట్టిన మనిషి. అటూ ఇటూ చూసి, పెరటి మట్టికి బదులు భార్య గులాబీ కుండీలోంచి నాలుగు గుప్పిళ్ల మట్టి తీసి సంచిలో వేశారు.

రిపోర్టు వచ్చింది. పోషకాలన్నీ పుష్కలం, ఈ ఏడాది ఎరువు అక్కర్లేదు. సిమెంటు బెడద తప్పిందని ఆయన ముఖం చేటంత అయింది.

మర్నాడు ఎరువు బస్తా తెస్తే భార్య గుమ్మంలోనే ఆపింది.

"అక్కర్లేదని రాశారుగా. మట్టి బాగుందంటే లోపం మీ చేతిలోనే ఉందన్నమాట."

బస్తా వెనక్కి వెళ్లింది, వంగ ఆకులు మరింత పసుపెక్కాయి.

అది చాలదన్నట్టు పరీక్షా కేంద్రం అధికారి ఫోన్ చేశాడు. "ఇంత మంచి మట్టి ఈమధ్య చూడలేదు మాస్టారూ. రేపు మా ట్రైనీలని తీసుకొస్తున్నా, పద్దెనిమిది మంది." వద్దనేలోపే పెట్టేశాడు.

పద్దెనిమిది మందీ వడిలిన మొక్కల్ని చూశారు, రిపోర్టును చూశారు, తర్వాత మాస్టారిని చూశారు.

"ఇంత మంచి మట్టిలో ఈ కాపేంటి మాస్టారూ?" అన్నాడు అధికారి.

మాస్టారు నిజం చెప్పేశారు. "ఆ మట్టి ఇక్కడిది కాదండీ. మా ఆవిడ గులాబీ కుండీది."

ఇక పెరడు పోయినట్టేనని తల దించుకున్నారు.

"నా కుండీదా?" అంది భార్య. "అంటే ఫస్టొచ్చింది నా మట్టా?"

అధికారి అవునన్నాడు. అంతే, ఆమె ట్రైనీలను కుండీ చుట్టూ నిలబెట్టి, కూరగాయల తొక్కలు, టీ పిప్పి, ఈయన పారేసిన ఆకులు ఎలా మాగబెట్టిందో గంటసేపు చెప్పింది. వాళ్లు బుద్ధిగా రాసుకున్నారు. వచ్చే ఏడు పెరడంతా ఇలాగే చేసి చూపించమని అధికారి మరీ మరీ అడిగి వెళ్లాడు.

"మరి సిమెంటు?" మాస్టారు మెల్లగా అడిగారు.

"సిమెంటేంటండీ, బంగారంలాంటి నేలని పెట్టుకుని. ముందా తొక్కల బకెట్టు ఇలా పట్రండి."

మరుసటి కాపుకి వంకాయలు పిడికిలంత కాశాయి. వాటిని కోసే అనుమతి మాత్రం మాస్టారికి ఇంకా రాలేదు.