మంత్రిగారు కోసిన ఆలివ్ పంట

శాంతి చర్చలు ఆగిపోయాయన్నది దుష్ప్రచారమనీ, అవి కూర్చుని అలుపు తీర్చుకుంటున్నాయనీ పాలస్తీనా గోడ వ్యవహారాల మంత్రి డాక్టర్ వజీహ్ తర్జీ రమల్లాలో ప్రకటించారు. అలుపు తీరిందనడానికి రుజువుగా దేర్ సుమ్మాక్ ఊరి గేటును ఇరుపక్షాలూ కలిసి తెరుస్తాయని సెలవిచ్చారు.

ఆ గేటు అవతల ఉమ్ సాబిర్ ఆలివ్ చెట్లున్నాయి. ఊరికీ చెట్లకీ మధ్య ఇజ్రాయెల్ గోడ కంచె రూపంలో వచ్చినప్పటి నుంచి, కోతల కాలంలో ఇజ్రాయెల్ సైన్యం గేటు తీస్తేనే ఆమె తన చెట్ల దగ్గరికి వెళ్లగలదు. పొద్దున కాసేపు లోపలికి వదులుతారు, సాయంత్రం కాసేపు బయటికి వదులుతారు. పోయినేడు గేటు తీయక పంటంతా నేల రాలింది. ఈ ఏడు కాయ విరగకాసింది. ఇదీ పోతే ఇంట్లో నూనె చుక్క ఉండదు. మంత్రిగారి ప్రకటన రేడియోలో వినగానే ఆమె గోనెసంచులు ఉతికి ఆరేసింది.

గేటు తెరిచే రోజున ఆమె అందరికంటే ముందు వచ్చి, నిచ్చెన, సంచులు వేసిన గాడిదతో గేటు దగ్గర నిలబడింది. సైనికుడు గేటు తీశాడు. తీసిన గేటుకు అడ్డంగా మంత్రిగారి కార్యదర్శి రిబ్బను కట్టాడు.

"కాస్త నన్ను పోనీ నాయనా, ఎండెక్కుతోంది."

"మీ కోసమేగా అమ్మా ఈ కార్యక్రమం. మీరు అడ్డం రాకండి."

మంత్రిగారు భూమి గురించి మాట్లాడారు. ఇజ్రాయెల్ అధికారి కెప్టెన్ ఎలియాద్ చక్కని అరబీలో భద్రత గురించి మాట్లాడాడు. రిబ్బను పంపిన యూరప్ దేశపు ప్రతినిధి ఇద్దరి గురించీ మాట్లాడాడు. మాట్లాడటంలో ఇరుపక్షాలకూ సమాన హక్కులు దక్కాయని అందరూ ఒప్పుకున్నారు.

రిబ్బను తెగింది. మంత్రిగారు లోపలికి నడిచి, ఒక కొమ్మ విరిచి, కెప్టెన్ పక్కన నిలబడి ఫొటో దిగారు. ఇంతలో గేటు వేళ అయిపోయింది. సైనికుడు తాళం వేశాడు. మంత్రిగారు లోపల, ఉమ్ సాబిర్ బయట.

"నేను మంత్రిని," అన్నారు వజీహ్ తర్జీ.

"అందుకే సర్ మర్యాదగా చెబుతున్నాను. సాయంత్రం తీస్తాం," అన్నాడు కెప్టెన్.

"లోపల ఉండటానికి నాకు పర్మిట్ లేదే."

"నేను చూడలేదనుకోండి. మనం స్నేహితులం కదా," అని కెప్టెన్ అటువైపు దారిన జీపులో వెళ్లిపోయాడు.

ఉమ్ సాబిర్ ఒక సంచి చుట్టి కంచె మీదుగా విసిరింది.

"ఎలాగూ లోపలున్నావు నాయనా, కాస్త కొయ్యి. కొమ్మని చేత్తో దువ్వు, ఆవు పాలు పితికినట్టు. కర్రతో కొట్టకు, వచ్చే ఏటి చిగురు పోతుంది."

"నేను విధానాలు చూస్తానమ్మా. కోతలు వేరే శాఖ."

"మా ఆయనా ఇలాగే అనేవాడు. కడుపు కాలితే కోసేవాడు."

మంత్రిగారు సంచి పరుచుకుని చెట్టు నీడన కూర్చున్నారు. ఆకలేసి ఒక పచ్చికాయ నోట్లో వేసుకుని, చేదుకు వెంటనే ఉమ్మేశారు. తర్వాత ఫోన్‌లో చార్జి ఉన్నంతసేపూ పత్రికలకు ప్రకటనలు చెప్పారు. సాయంత్రం గేటు తీయగానే బయటికొచ్చి కారెక్కారు. ఉమ్ సాబిర్ అడుగు వేయబోతే సైనికుడు ఆపాడు. అది బయటికొచ్చే పూట అట.

మర్నాడు పొద్దున ఆమె గాడిదతో వచ్చేసరికి గేటు తీయలేదు. కంచె అవతల కెప్టెన్ పేపరు పట్టుకుని నవ్వుతూ నిలబడ్డాడు. మొదటి పేజీలో కొమ్మతో మంత్రిగారు, పైన పెద్ద అక్షరాలు: స్వయంగా కోత ముగించిన మంత్రి.

"శుభాకాంక్షలు పిన్నీ. కోత అయిపోయాక గేటు తీయకూడదు, రూలు."

"చెట్లు చూడు బాబూ. నీ వెనకే ఉన్నాయి."

కెప్టెన్ వెనక్కి తిరగలేదు.

"మీవాళ్ల మాట మేం నమ్మడం ఇన్నేళ్లలో ఇదే మొదటిసారి పిన్నీ. దాన్ని చెడగొట్టకండి."

ఉమ్ సాబిర్ అక్కడి నుంచే కార్యదర్శికి ఫోన్ చేసింది. ఆమె నోరు తెరిచేలోపే అతను అందుకున్నాడు.

"మీకే చేయబోతున్నానమ్మా. కొత్త నూనె మొదటి డబ్బా మంత్రిగారికి పంపించండి. యూరప్ వాళ్లకి కానుకగా ఇస్తారట, తన చేత్తో కోసిన కాయల నూనె అని చెప్పి."

ఆమె కంచెలోంచి చూసింది. కొమ్మలు కాయ బరువుకు నేలకు వంగి ఉన్నాయి.

"ఆయన్నే రమ్మను నాయనా. కోసుకుని తీసుకెళ్లమను."

"రావాలంటే గేటు తీయించాలి కదమ్మా." కార్యదర్శి ఆలోచించాడు. "సరే, మళ్లీ ప్రారంభోత్సవం పెడదాం. నిన్నటి రిబ్బను అక్కడే ఉందా?"

ఉమ్ సాబిర్ గేటు స్తంభం వైపు చూసింది.

"ఉంది నాయనా. గాడిద నములుతోంది."