జాన్ బాషా మిరపకాయల ప్రయోగం

చిలకలూరిపేట జిన్నింగు మిల్లు గేటు దగ్గర లారీల నంబర్లు రాసుకునే జాన్ బాషా, కవిత్వాన్ని మాత్రం కాగితం మీద పెట్టడు. కవిత నోట్లో పుట్టి గాలిలో కలవాలంటాడు. పత్తి మిషను రొద, లారీ బ్రేకుల కీచు, పక్కింటి మేక అరుపు, అన్నీ ఆయన గొంతులో కవితలే. ఊళ్ళో గాలికవి అంటే ఆయనే.

పైగా విమర్శకుడు. ఎవరు కవిత చదివినా లేచి ఉతికి ఆరేస్తాడు. అలాంటి మనిషికి లోకంలో ఒక్కరంటేనే భయం. ఆవిడ భార్య కరీమున్.

కరీమున్ ఇరవై ఏళ్ళుగా మిరప కళ్ళాల్లో కాయలు ఏరుతోంది. మంచి కాయ ఒక పక్కకి, తెల్లబడిన తాలుకాయ ఒక పక్కకి. ఇంట్లో మొగుడు కవిత వినిపించినా అంతే. వింటూ వింటూ మధ్యలో "తాలు" అంటుంది. ఆ ముక్క ఆయన తీసేయాల్సిందే.

ఈసారి గుంటూరు నుంచి పిలుపొచ్చింది. రాధాకృష్ణమూర్తి గారని, పేరున్న మాస్టారు, నోటి కవులందర్నీ విని ఒక్కరిని అమరావతి సభకు ఎంపిక చేస్తారట. పదిహేనేళ్ళుగా బాషా ఎదురుచూస్తున్నది అలాంటి పిలుపు కోసమే. ఈ ఒక్క కవితయినా ఎవరూ ఏరకుండా జనంలో పడాలనుకున్నాడు.

"సభ ఎప్పుడు?" అంది కరీమున్.

"వచ్చే వారం."

"మరి ఇవాళే ఇస్త్రీ చొక్కా వేశావేం?"

"దానికీ అలవాటు కావాలిగా."

సభ ఆ రోజే. ఆమె కళ్ళానికి వెళ్ళగానే, ఏడాది కారానికని తెచ్చి ఇంకా ఏరని కాయల బస్తా భుజానికెత్తుకుని గుంటూరు బస్సెక్కేశాడు. అదే ఆయన కొత్త ప్రయోగం. మిరప కవితను జనం ముక్కుతో కూడా వినాలి.

సాయంత్రం తన వంతు రాగానే స్టేజీ మీద బస్తా కుమ్మరించాడు. చెప్పులు విప్పి కాయల మీదికెక్కి, "మిరపా" అంటూ తొక్కడం మొదలెట్టాడు. పైనున్న ఫ్యాను తన పని తాను చేసింది. ముందు వరస తుమ్మింది. రెండో వరస దగ్గింది. మూడో వరస తలుపు కోసం వెతికింది. బాషా మాత్రం "మిరపా" దగ్గరే ఆగిపోయాడు. రెండో మాటకు గొంతు లేవలేదు. అమరావతి కళ్ళముందే నీళ్ళలో మసకబారుతోంది.

అప్పుడొచ్చింది కరీమున్. మధ్యాహ్నం తిండికి ఇంటికి రాగానే బస్తా లేదని చూసి, అటక మీద మొగుడు దాచిన ఆహ్వానం తీసి, అడ్రసు పట్టుకుని వచ్చేసింది.

వస్తూనే ముందు ఫ్యాను ఆపించింది. కొంగు ముక్కుకు చుట్టుకుని, స్టేజీ మీదే చతికిలబడి కాయలు ఏరడం మొదలెట్టింది.

"కాయ. కాయ. తాలు." ఆగింది. "ఇది ఎండకి నిలబడింది. కాయ. ఇది వానకి తడిసి చెప్పకుండా దాచుకుంది. తాలు." మళ్ళీ ఆగింది. "ఇది మొగుడి కాలి కింద పడింది. దీన్ని ఎటు వెయ్యాలో నాకు తెలీదు."

దగ్గులు ఆగాయి. తలుపు దాకా వెళ్ళినవాళ్ళు వెనక్కొచ్చి కూర్చున్నారు.

బాషా మూలన నిలబడి నోరెళ్ళబెట్టాడు. ఇన్నేళ్ళు ఒకే కప్పు కింద ఉండి ఈ గొంతు వినలేదు తను. వినకేం, రోజూ విన్నాడు. తన కవితకు అడ్డమొస్తోందనుకున్నాడు. ఆమె ఆగిన ప్రతిచోటా ఆయన ఒళ్ళు జలదరించింది. ఒక్కసారి అలా ఆగడం చేతనయితే చాలని ఎన్నేళ్ళు గొంతు చించుకున్నాడో.

రాధాకృష్ణమూర్తి గారు కళ్ళు తుడుచుకుంటూ లేచి, అమరావతికి కరీమున్ పేరు చెప్పారు. బాషా వైపు తిరిగి, "మీరు విమర్శకులు కదండీ, లోపాలుంటే చెప్పండి" అన్నారు. బాషా చాలాసేపు వెతికాడు. ఒక్కటీ దొరకలేదు.

తిరుగు బస్సులో బస్తా ఒళ్ళో పెట్టుకుని మెల్లగా అడిగాడు. "మధ్య మధ్యలో ఆగావే, ఆ మౌనం ఎక్కడ నేర్చుకున్నావు?"

"మౌనమేందయ్యా. ఘాటుకి ఊపిరి బిగబట్టా. కళ్ళంలో అందరం అంతే."

ఆ మాటకు లేచి సలాం చేయాలనిపించింది బాషాకి. బస్తా బరువుకి లేవలేకపోయాడు.

"అమరావతికి నన్నూ తీసుకెళ్తావా?"

"రా. కాయలు తొక్కే మనిషి కావాలిగా. నోరు మాత్రం తెరవమాకు."

జాన్ బాషా సరే అనబోయి, ఆగి, తలూపాడు.