లినక్స్ ఎక్కకపోతేనే సౌఖ్యం

దేశానికి ఇప్పుడు కావలసింది ఒక్క దెబ్బకు ఇన్‌స్టాల్ కాని లినక్స్! నవ్వకండి. నేను స్టీల్ ప్లాంట్ మెయింటెనెన్స్‌లో రిటైరైనవాణ్ణి. ఊరికే మాట తూలను.

నాతో పనిచేసిన నీలకంఠం బావ పెందుర్తిలో ఉంటాడు. అరచేతిలో పట్టే బోర్డు కంప్యూటరొకటి కొన్నాడు. టీవీకి తగిలించి పాత సినిమాలు చూడాలట. మెమరీ కార్డు మీద అది నత్తలా నడుస్తోందని ఓ ఎస్‌ఎస్‌డీ డిస్కు తెచ్చి, దాని మీద కంప్యూటర్‌ని నడిపే లినక్స్ ఎక్కించమని నాకు అప్పగించాడు. రిటైరయ్యాక కొరియర్ వాళ్లు కాకుండా మా కాలింగ్ బెల్ నొక్కింది అతనొక్కడే!

ఎక్కిందా? ఎక్కలేదు! ఎంత మేలు చేసిందో చూడండి. మొదట పవర్ చాలదంది. బావ అడాప్టర్ పట్టుకుని వచ్చాడు. తర్వాత డిస్కు కనబడలేదంది. కేబుల్ పట్టుకుని వచ్చాడు. ఆ పైన నల్ల తెర మీద తెల్ల గీత ఒక్కటే మిణుకుమిణుకుమంది. మమ్మల్ని మేం ఓదార్చుకోవడానికి వేడి పునుగులు తెచ్చాడు. ఏ సాఫ్ట్‌వేర్ మనిషికి ఇంత మేలు చేసింది చెప్పండి?

ఓరోజు పని దాదాపు పూర్తి కావచ్చింది. ఎవరూ కరెంటు ఆపకూడదని, ప్లాంట్ అలవాటు కొద్దీ స్విచ్‌కి ‘పని జరుగుచున్నది’ అనే ఎర్ర ట్యాగ్ తగిలించి స్నానానికి వెళ్లాను. వచ్చేసరికి తెర చీకటి! పక్కనే బావ, ప్రాణదాతలా నిలబడి ఉన్నాడు.

“ఎర్ర ట్యాగ్ ఏలాడతంటే సిచ్చి ఆన్‌లో ఉంచీసినావేటి బావా? మనిసి సచ్చిపోడా! నానే కట్టీసినాను.”

తప్పు అతనిది కాదు. ప్లాంట్‌లో ట్యాగ్ ఉన్న స్విచ్ ఆఫ్‌లోనే ఉండాలి. లోపల మనిషి పనిచేస్తుంటాడు కదా! ఇద్దరం కడుపుబ్బ నవ్వుకున్నాం. మళ్లీ మొదటి నుంచి! అంటే ఇంకొన్నాళ్లు టీలు!

నిన్న ఘోరం జరిగింది. ఒక్క ఎర్రర్ కూడా లేకుండా లినక్స్ ఎక్కేసింది. బావ ఎగిరి గంతేశాడు. బోర్డునూ ఎస్‌ఎస్‌డీనీ టవల్లో చుట్టి సంచిలో పెట్టాడు.

“నీకు సానా పని పెట్టీసినాను బావా. ఇంక ఇబ్బంది పెట్టన్లే.”

ఏం ఇబ్బందయ్యా! మనిషి ఇంటికి మనిషి రావాలంటే ఏదో ఒకటి పాడవ్వాల్సిందేనా? ఊరికే రాకూడదా? ఆ మాట అతనితో అనలేక మీతో అంటున్నాను.

సర్వీసంతా ఒక్క బోల్టు కూడా వదులుగా విడిచిపెట్టనివాణ్ణి. బావ చెప్పులేసుకుంటుంటే మాత్రం సంచి నేనే పట్టుకుని, ఎస్‌ఎస్‌డీ కేబుల్‌ని కాస్త వదులు చేసి ఇచ్చాను.