నాచు పేపరుకు పదో మనిషి

సోమవారం పొద్దున్న అద్దం ముందు గడ్డం గీసుకుంటూ నాచు మాస్టారు ఈల వేశారు. యూనివర్సిటీలో వృక్షశాస్త్రం చెప్పే ఆయనకు అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటి ఉంది. కానీ తడి గోడల మీదా రాళ్ల మీదా పెరిగే నాచు తప్ప మరో మొక్క మొక్కే కాదన్నట్టు మాట్లాడే మనిషి కావడంతో, ఆ అసలు పేరు జీతం చీటీ దాటి బయటికి రావడం మానేసింది.

ఈల ఊరికే రాలేదు. మాస్టారి భార్య హైస్కూల్లో లెక్కల టీచరు. రెండేళ్ల కింద ఆవిడను బస్సులో అరపూట ప్రయాణమంత దూరంలో ఉన్న ఊరికి బదిలీ చేశారు. అప్పటినుంచీ ఆలుమగలిద్దరూ ఎదురెదురుగా కూర్చుని భోంచేసేది ఆదివారం మధ్యాహ్నమొక్కటే. అందులో కూడా సగం సేపు తిరుగు బస్సు దొరుకుతుందా లేదా అన్న బెంగతోనే గడిచిపోయేది.

ఈ సెమిస్టరుతో ఆ బెంగ తీరబోతోందని మాస్టారి నమ్మకం. పీజీ విద్యార్థికి డిగ్రీ చేతికి రావాలంటే సెమిస్టరు సెమిస్టరుకీ కాసిన్ని క్రెడిట్లు కూడబెట్టుకోవాలి. వారానికి నాలుగు గంటలు నడిచే పేపరు పాసైతే నాలుగు క్రెడిట్లు. అందులో ఒక పేపరు మాత్రం తన సబ్జెక్టుతో సంబంధం లేనిది, మనసుకు నచ్చినది ఎంచుకోవాలి. అలాంటి పేపర్లలో మాస్టారి నాచు ఒకటి. సెమిస్టరు మొదటి శుక్రవారం సాయంత్రానికి పదిమంది చేరకపోతే పేపరు రద్దు. ఏటా తమంతట తామే నచ్చి చేరేది నలుగురో అయిదుగురో. మిగతావాళ్లను డిపార్ట్‌మెంటు హెడ్ మేడం బతిమాలో బామాలో పోగుచేసేవారు.

ఈసారి మాస్టారే ఆవిడ గదికి వెళ్లి, "నాకోసం ఆ శ్రమ తీసుకోకండి మేడం" అన్నారు. "పేపరు రద్దయితే ఆ నాలుగు గంటలూ మా ఆవిడ ఊళ్లో మన బ్రాంచి కాలేజీ ఉంది కదా, అక్కడ చెప్తాను. గురు, శుక్రవారాలు వేయించండి."

"ఒకవేళ పదిమంది చేరితే?"

"నాచుకా?" అన్నారు మాస్టారు. ఇద్దరూ మనసారా నవ్వుకున్నారు. మేడం ఆ నవ్వులోనే ఉత్తర్వు టైపు చేయించి పెట్టుకున్నారు. వారంలో సగం రోజులు కలిసి ఉండబోతున్నామన్న సంగతి శుక్రవారం రాత్రి ఫోన్ చేసి చెప్పి భార్యను ఆశ్చర్యపరచాలని మాస్టారి ఆలోచన. అందుకే అప్పటిదాకా ఆవిడ దగ్గర నోరు మెదపలేదు.

స్టాఫ్ రూములో కంప్యూటరు తెరిచి చూస్తే నాచు పేపరులో అప్పటికే ఆరుగురు చేరి ఉన్నారు. ఊరుకుని ఉంటే అది ఆరు దగ్గరే ఆగేది. కానీ గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోవడం చదువుకున్నవాళ్లకే బాగా చేతనవును.

మొదటి వారం క్లాసులు రుచి చూడడానికి. నచ్చకపోతే పేపరు మార్చుకోవచ్చు. మాస్టారు ఆ క్లాసులోకి అడుగు పెడుతూనే మొహం గంటు పెట్టుకున్నారు.

"నా దగ్గర వారం వారం పరీక్ష ఉంటుంది. ఒక్క రోజు హాజరు తగ్గినా ఊరుకోను. కిందటేడు పై గ్రేడు ఒక్కరికీ ఇవ్వలేదు. ఇంకా గడువుంది నాయనా, నా మాట విని హాయిగా ఇంకో పేపరు చూసుకోండి."

మర్నాడు చూస్తే పదిహేడు మంది. మాస్టారు ఆ పేర్లు రెండుసార్లు లెక్కపెట్టుకున్నారు. వరండాలో మొదటి రోజు క్లాసుకు వచ్చిన కళ్లజోడు అమ్మాయి కనిపిస్తే ఆపారు.

"ఏమ్మా, నిన్న నేను చెప్పింది విని భయం వేయలేదా?"

"బాగా వేసింది సార్. అందుకే ఉండిపోయాను."

"అదేం లెక్క?"

"గ్రేడు మిగతావాళ్లతో పోల్చి ఇస్తారు కదా సార్. క్లాసులో పైనున్న ఒకరిద్దరికే పెద్ద గ్రేడు. మీరంతలా బెదిరించాక తెలివైనవాళ్లెవరూ ఇటు తొంగిచూడరు. ఇక మిగిలేది మాలాంటివాళ్లమే. ఏ చెట్టూ లేనిచోట ఆముదపు చెట్టే మహావృక్షం."

"ఆముదం చెట్టు కాదమ్మా, పొద" అని మాస్టారు అలవాటు కొద్దీ దిద్దారు. తర్వాత అడిగారు. "ఈ ముక్క ఇంకెవరికైనా చెప్పావా?"

"బయటివాళ్లకి చెప్పలేదు సార్. మా హాస్టల్లోవాళ్లకే."

హాస్టలు నాలుగు అంతస్తులు.

మాస్టారు ఆ పూటంతా ఆలోచించారు. పోటీ లేదని వచ్చినవాళ్లు పోటీ ఉందంటే పోతారు. ముల్లును ముల్లుతోనే తీయాలి. సాయంత్రం అదే అమ్మాయిని పిలిచి గొంతు తగ్గించారు.

"నీకు చెప్పడమే, ఎవరితోనూ అనకు. అన్ని డిపార్ట్‌మెంట్ల ఫస్టు ర్యాంకులూ ఈసారి నా పేపరుకే వస్తున్నారట."

ఎవరితోనూ అనకు అన్న మాట ఎంత వేగంగా వెళ్తుందో మాస్టారికి తెలుసు. కాకపోతే ఆ మాట ఫస్టు ర్యాంకుల చెవిన కూడా పడుతుందని తోచలేదు. తనకు తెలియకుండా మిగతా ర్యాంకులన్నీ ఎక్కడికో పోతున్నాయంటే ఏ ర్యాంకరుకు నిద్ర పడుతుంది? బుధవారం తెల్లారేసరికి అందరూ వచ్చి చేరారు. మధ్యాహ్నం హెడ్ మేడం ఎదురొచ్చి చెయ్యి కలిపారు.

"మాస్టారూ, మీరు సామాన్యులు కారు! మీకు పెద్ద హాలు ఇప్పించాను. మైకు కూడా ఉంటుంది."

"ఎంత మాట మేడం" అన్నారు మాస్టారు, ఏడవలేక నవ్వుతూ.

గురువారం పెద్ద హాల్లో ముందు వరసలన్నీ ర్యాంకులే. ఒక్కొక్కరి ముందు రంగురంగుల పెన్నులు. వెనక కూర్చున్న ఆముదపు మొక్కలు ఆ పెన్నులు చూసి బిక్కచచ్చిపోయాయి. ర్యాంకులు మాత్రం తక్కువ తిన్నాయా? పక్కకు చూస్తే ర్యాంకు, వెనక్కు చూస్తే ర్యాంకు. ఉన్నవి రెండు పెద్ద గ్రేడులు. క్లాసు సగంలో ఉండగానే బల్లల కింద ఫోన్లలో పేపర్లు మార్చేసుకోవడం మొదలైంది.

మాస్టారు అదేదీ గమనించే స్థితిలో లేరు. ఎండి గోధుమరంగుకు తిరిగిన నాచు ముద్దను చేతిలోకి తీసుకున్న క్షణాన ఆయన పథకం మరిచిపోయారు. "ఇది చచ్చిపోయిందని అనుకుంటున్నారా?" అంటూ దాని మీద నాలుగు నీటి చుక్కలు వేశారు. అందరూ చూస్తుండగానే ముడుచుకున్న ఆకులు మెల్లగా విప్పుకుని పచ్చబడ్డాయి. ముందుకు వంగి చూసినవాళ్లు కొందరు అలాగే ఉండిపోయారు. కళ్లజోడు అమ్మాయి కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూసింది.

శుక్రవారం మధ్యాహ్నానికి వచ్చినవాళ్లు వచ్చినట్టే పోయి, తొమ్మిదిమంది మిగిలారు. మాస్టారు ఊపిరి పీల్చుకున్నారు. వెంటనే మనసు చివుక్కుమంది కూడా. గ్రేడు కోసమైతే వాళ్లు ఎప్పుడో పారిపోయేవాళ్లు. ఇన్నేళ్లలో నాచు కోసమే కూర్చున్నవాళ్లు తొమ్మిదిమంది ఒక్కసారి దొరకడం ఇదే మొదలు. అయినా భార్య ముందు తొమ్మిదిమందేమిటి, తొంభైమందైనా బలాదూర్ అనుకుని, గడువు ముగిసేదాకా కంప్యూటరు ముందు కాపలా కూర్చున్నారు.

మరో రెండు నిమిషాల్లో గడువు ముగుస్తుందనగా తెర మీద తొమ్మిది కాస్తా పది అయింది.

మాస్టారు గుడ్లు తేలేశారు. ఫోన్ తీసి భార్యకు కలిపారు. దాచడానికి ఇక ఏముంది? ఫోన్ మోగింది. మోత స్టాఫ్ రూము గుమ్మం దగ్గరనుంచి వచ్చింది.

"ఫోనెందుకండీ, ఇక్కడే ఉన్నా" అంటూ ఆవిడ లోపలికొచ్చారు. చేతిలో పెద్ద సంచీ, మొహంలో దాచలేని నవ్వు.

"నువ్విక్కడ?"

"చదువుకోవడానికి మా స్కూలువాళ్లు రెండేళ్లు సెలవిచ్చారు. మీ యూనివర్సిటీలోనే లెక్కల్లో పీజీలో చేరా. చివరి విడతలో సీటొచ్చింది. అక్కడ ఇల్లు కూడా ఖాళీ చేసేశా. మీకు చెప్పకుండా వచ్చి ఆశ్చర్యపరుద్దామని నోరు కుట్టుకుని కూర్చున్నా, తెలుసా?"

"అయితే ఆ పదో మనిషి..."

"నేనే. ఏటా మీ పేపరుకి జనం రావడం లేదని దిగులు పడతారు కదా. చూస్తే ఒక్కరు తక్కువున్నారు. ప్రాణం ఉసూరుమంది, చేరిపోయా."

మాస్టారు ఆవిడ చేతిలో సంచీ అందుకున్నారు. రొట్టె విరిగి నేతిలో పడింది. భార్య ఇంట్లో, తొమ్మిదిమంది క్లాసులో. మనిషికి ఇంకేం కావాలి? ఆవిడ చెయ్యి పట్టుకుని హెడ్ మేడం గదికి పరుగెత్తారు.

"పేపరు నడుస్తుంది మేడం! పదిమంది అయ్యారు. పదో మనిషి మా ఆవిడే!"

మేడం ఆవిడను చూసి ఆప్యాయంగా నవ్వారు. ఆ తర్వాత నవ్వు ఆపేశారు.

"మీ ఆవిడకి మీరు మార్కులు వేయకూడదు మాస్టారూ. ఇంట్లోవాళ్లు క్లాసులో ఉండకూడదని రూలుంది. ఆవిడ ఇంకో పేపరు తీసుకోవాల్సిందే."

"అలాగే తీసుకుంటుంది. ఇంకొకర్ని ఇప్పుడే పట్టుకొస్తా."

"గడువైపోయింది కదండీ. కంప్యూటరు కొత్తవాళ్లను తీసుకోదు." మేడం తొలగించవలసిన పేరు తొలగించి, సొరుగులోంచి ఉత్తర్వు తీసి ఆయన చేతిలో పెట్టారు. "పోనీలెండి. మీరు కోరుకున్నదే అయింది."

భార్య ఆ కాగితం తీసుకుని చదివారు. రెండోసారి నిదానంగా చదివారు.

"అంటే గురు, శుక్రవారాలు నేనిక్కడ, నేను ఖాళీ చేసొచ్చిన ఊళ్లో మీరూనా?"

"నీకోసమేనే" అన్నారు మాస్టారు, మరో మాట దొరక్క. ఆవిడ నవ్వుదామనుకుని నవ్వలేక కుర్చీలో కూలబడ్డారు.

మాస్టారు చివరి ఆశతో మేడం వైపు తిరిగారు.

"అక్కడ కూడా పదిమంది చేరకపోతే రద్దు చేస్తారు కదా మేడం?"

మేడం బ్రాంచి కాలేజీ సిలబసు తిరగేసి, జాలిగా తల అడ్డంగా ఊపారు. అక్కడ నాచు తప్పనిసరి పేపరు.