తిరిగి వచ్చుటకు గల కారణం

ఏ దేశంలోకైనా అడుగుపెట్టాలంటే, ఆ దేశంలో ఉండాలన్న కోరిక మనకు బొత్తిగా లేదని ముందుగా రుజువు చేసుకోవాలి. మానవజాతి ఇంతవరకూ రాసుకున్న నిబంధనల్లో ఇంత మర్యాదైనది మరొకటి లేదు. భోజనానికి కూర్చోబెట్టే ముందు "తిన్నాక లేస్తావా?" అని అడిగి, "లేస్తాను, అసలు నాకు ఆకలే లేదు" అన్నవాడికి మాత్రమే వడ్డించడం లాంటిదన్నమాట. (నేను బడి మానేసినప్పుడు తిరిగొస్తావా అని నన్నెవరూ అడగలేదు. అప్పటికి వ్యవస్థలు ఇంత అభివృద్ధి చెందలేదు.)

మా అన్న కూతురికి విదేశంలో పెద్ద చదువుకి సీటొచ్చింది. సీటుదేముంది, తెలివుంటే వస్తుంది. వీసా అలా కాదు. అధికారి కిటికీ ముందు నిలబడి, చదువైపోగానే తిరిగొచ్చేస్తానని నమ్మించాలి. అతను నమ్మకపోతే సీటూ పోతుంది, ఏడాదీ పోతుంది. అందుకని అన్నయ్య పిల్లని చెప్పుల షాపు పైనున్న ఒక శిక్షణాలయంలో చేర్పించాడు. అక్కడ తిరిగి రావడం నేర్పుతారు. నేర్పే ఆయన్ని అందరూ రిటర్న్ మాస్టారంటారు. ఆయన ఇంతవరకూ ఎక్కడికీ వెళ్ళలేదు కనుక, తిరిగి రావడం మీద ఆయన అభిప్రాయాలు అనుభవం వల్ల చెడిపోలేదు.

మాస్టారి శాస్త్రం ప్రకారం పొలం, ఇల్లు, దుకాణం మొదటి తరగతి కారణాలు. తల్లిదండ్రులు రెండో తరగతి (అందరికీ ఉంటారు కనుక విలువ పడిపోయింది). ఆ కిందివాటిలో దేశభక్తి, కుక్కపిల్ల వస్తాయి. ప్రేమించినవాడున్నాడని మాత్రం పొరపాటున కూడా అనకూడదు. వాడూ వెనకాలే వచ్చేస్తాడని అనుమానిస్తారు.

అన్నయ్యకి డ్యూటీ ఉండటంతో మొదటిరోజు పిల్లకి తోడుగా నేను వెళ్ళాను.

"పొలముందా అమ్మా?" అన్నారు మాస్టారు.

"లేదండీ."

"సొంతిల్లు?"

"అద్దెదండీ. అదీ ఓనరు ఖాళీ చెయ్యమంటున్నాడు."

"మరి ఏం చూసుకుని తిరిగొస్తావు?"

పిల్ల కాసేపు ఆలోచించి, "మా బాబాయి ఉన్నాడండీ" అంది.

రిపేరుకొచ్చిన ఫ్యాన్‌ని నేను చూసినట్టు మాస్టారు నన్ను చూశారు. "ఏం చేస్తుంటారు?"

"మోటార్లకి వైండింగ్ చేస్తానండీ. చిన్న షాపు."

"పిల్లలు?"

"పెళ్ళే కాలేదండీ."

"అద్భుతం! ఆరోగ్యం?"

"మోకాళ్ళు నొప్పి. చూపు కూడా తగ్గింది. సన్న తీగ ఆనడం లేదు."

మాస్టారు లేచి వచ్చి నాకు షేక్‌హ్యాండ్ ఇచ్చారు. "వారసుల్లేరు, చూపు లేదు! ఇంత బంగారం లాంటి కారణం ఇంట్లో పెట్టుకుని దిగులెందుకమ్మా?"

నా బతుకులో కలిసిరానివన్నీ ఒక్కచోట పనికొచ్చిన రోజు అదే. మావాళ్ళు ఇన్నేళ్ళూ వాటిని లోపాలనుకున్నారు.

ఆనాటి నుంచి నేను కారణంగా నియమితుణ్ణయ్యాను. కారణానికి కొన్ని విధులుంటాయి. ముందు షాపు బోర్డు మార్చాలి. పెయింటరు వచ్చి "అమ్మాయి అండ్ బాబాయి మోటార్ వైండింగ్ వర్క్స్" అని రాశాడు. అమ్మాయిని పెద్ద అక్షరాల్లోనూ, బాబాయిని మిగిలిన జాగాలోనూ. తర్వాత ఆ బోర్డు కింద ఇద్దరం ఆప్యాయంగా ఫోటో దిగాలి. మా ఇంట్లో ఆప్యాయత అంటే "తిన్నావా" అనడమే. అది ఫోటోలో పడదు.

"కొంచెం నవ్వు బాబాయ్. కరెంటు బిల్లు చూస్తున్నట్టు చూడకు" అంది పిల్ల.

"నవ్వితే నువ్వు లేకపోయినా బానే ఉంటాననుకుంటారే."

"అదీ నిజమే. మాస్టార్ని అడుగుదాం."

మాస్టారు ఫోన్లోనే తీర్పిచ్చారు. పిల్ల నవ్వాలి, నేను నవ్వకూడదు. (ఈ విషయంలో నాకు శిక్షణ అవసరం లేకపోయింది.)

అధికారి పని గురించి అడిగితే తడబడకూడదు కనుక పిల్లకి వైండింగ్ నేర్పాల్సి వచ్చింది. కాలిన తీగ వాసనకి మొదటిరోజు "ఛీ, ఎలా ఉంటున్నావ్ బాబాయ్ ఇందులో" అంది. తర్వాత రోజూ సాయంత్రం వచ్చేది. బిగువు సడలకుండా చుట్లు చుట్టేది. నాకు ఆనని తీగ తన వేళ్ళకి ఇట్టే దొరికేది. గోడవారన బల్ల మీదున్న చచ్చిన మోటార్లన్నీ తీసి పారేసి, అక్కడ పిల్లకో కుర్చీ వేశాను. ఇదంతా వీసా నిమిత్తమేనని మనవి.

ఉత్తుత్తి ఇంటర్వ్యూల్లో అధికారిగా నన్నే కూర్చోబెట్టేవారు. నా మొహంలో తిరస్కారం సహజంగానే ఉందట.

"చదువయ్యాక ఏం చేస్తావు?" అనేవాణ్ణి.

"తిరిగొచ్చేస్తానండీ. మా బాబాయికి చూపు తగ్గింది, షాపు నేనే చూసుకోవాలి."

"తప్పు!" అనేవారు మాస్టారు. "అడగ్గానే చెప్తే బట్టీ పట్టినట్టుంటుంది. ఒక్క క్షణం ఆగు. కళ్ళలోకి చూడు. అప్పుడు చెప్పు. నిజం ఎప్పుడూ కాస్త ఆలస్యంగా వస్తుంది."

పిల్ల ఆగేది. నా కళ్ళలోకి చూసేది. అప్పుడు చెప్పేది. అన్నిసార్లు విన్నాక, అసలు అధికారి సంగతేమో గానీ, ఉత్తుత్తి అధికారి నమ్మేశాడు. (దీన్ని శిక్షణ సాధించిన విజయంగానే పరిగణించాలి.)

ఇంటర్వ్యూ రోజున వీసా ఆఫీసుకి ఎదురుగా, మిగతా కారణాలతో కలిసి ఫుట్‌పాత్ మీద నిలబడ్డాను. ఒక అమ్మమ్మ, ఒక బట్టలకొట్టు యజమాని, ఒక కుక్క. అందరం ఎండలో ఓపిగ్గానే ఉన్నాం. పిల్ల పరిగెత్తుకుంటూ వచ్చింది.

"ఇచ్చేశారు బాబాయ్!"

"నా గురించి ఏమడిగాడు?"

"ఏం అడగలేదు. ఏ యూనివర్సిటీ అన్నాడు, చెప్పాను. ఆల్ ది బెస్ట్ అన్నాడు. అంతే."

"బోర్డు ఫోటో?"

"బయటికి తియ్యనే లేదు."

స్వీట్లు పట్టుకుని మాస్టారి దగ్గరికెళ్ళాం. ఆయన ఒకటి నోట్లో వేసుకుని, "సోమవారం నుంచి కొత్త బ్యాచ్ పెడుతున్నానమ్మా. చదువయ్యాక అక్కడే ఉండిపోవడం ఎలా అని" అన్నారు. దానికి కారణాలు వెంట రానక్కర్లేదట.

"నాకెందుకండీ" అంది పిల్ల. గుమ్మం దాటబోతూ వెనక్కి తిరిగి, "పొద్దున్నా, సాయంత్రమా?" అంది.

మెట్లు దిగుతుంటే నేనేమీ అడగలేదు. తనే ఒక్క క్షణం ఆగింది. నా కళ్ళలోకి చూసింది.

"ఊరికే అడిగాను బాబాయ్" అంది.

పిల్ల వెళ్ళింది. బోర్డు అలాగే ఉంది, మళ్ళీ రాయించడం దండగ. కుర్చీ కూడా అలాగే ఉంది. షాపుకొచ్చినవాళ్ళు బోర్డు చదివి, "అమ్మాయి ఏదండీ?" అంటారు. నేను ఒక్క క్షణం ఆగుతాను. వాళ్ళ కళ్ళలోకి చూస్తాను. "చదువుకి వెళ్ళింది, అవ్వగానే వచ్చేస్తుంది" అంటాను.

ఇంతవరకూ ఎవరూ తిరస్కరించలేదు.