కట్టంగూరుకు దిగిన సముద్రం

"మన జిల్లాకు సముద్రం లేకపోవుడు పాత పాలకుల కుట్ర!" అని మంత్రి శ్రీశైలం గారు గర్జించిన సాయంత్రమే కట్టంగూరుకు సముద్ర సూక్ష్మజీవుల పరిశోధనాలయం మంజూరైంది. సముద్రాన్ని తేవడానికి ఢిల్లీ అడ్డుపడుతోందట. కనీసం అందులోని జీవులనైనా తెస్తానని మాటిచ్చి, నిలబెట్టుకున్నారు మహానుభావుడు.

మండల కార్యకర్త ప్రేమ్‌సాగర్ అరచేతులు వాచేలా చప్పట్లు కొట్టాడు. పరిశోధనాలయానికి ఒక చైర్మన్ ఉంటాడు. చైర్మన్‌కు కారుంటుంది. ఏళ్ల తరబడి జెండాలు కట్టిన ప్రేమ్‌సాగర్‌కు ఈ పదవి కూడా దక్కకపోతే, "మీ ఆయన ఏం చేస్తడు?" అని అడిగే చుట్టాలకు భార్య ఉమారాణి ఏం చెప్పాలో తెలియక పెండ్లిళ్లకు పోవడమే మానేస్తుంది. పాపం, ఆ మాట తలుచుకుంటే అతనికి అన్నం సహించేది కాదు.

కోస్తా నుంచి ట్యాంకర్లలో ఉప్పునీళ్లొచ్చి అద్దాల తొట్టిలో పడ్డాయి.

"దీంట్ల ఏమున్నదమ్మా? ఉత్త నీళ్లే గదా!" అని సైంటిస్టు సింధూజను అడిగాడు ప్రేమ్‌సాగర్.

"కండ్లకు కనబడయన్నా. చచ్చిన చేపలు, నాచు అన్నీ సముద్రంల కరుగుతయి. గీ జీవులు ఆ కరిగినదాన్ని బయటనే చిన్నచిన్న ముక్కలు చేసి లోపలికి తీసుకుంటయి. ఇవి లేకుంటే అదంత గట్లనే పడి ఉంటది."

"అంటే క్రిములా?"

"గట్లనే అనుకో."

తెల్లారితే మంత్రిగారొస్తున్నారు. తొట్టి నిండా క్రిములు! పెద్దవాళ్లు వస్తే రోడ్డుకు రెండువైపులా బ్లీచింగ్ పౌడర్ చల్లించడంలో జిల్లాలో ప్రేమ్‌సాగర్‌ను కొట్టినవాడు లేడు. సింధూజ భోజనానికి వెళ్లగానే, రోడ్డుకు చల్లగా మిగిలిన బస్తా తొట్టిలో కుమ్మరించాడు. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆనందబాష్పాలనుకున్నాడు.

మర్నాడు మంత్రిగారి ముందు సూక్ష్మదర్శినిలోకి చూసిన సింధూజ ముఖం పాలిపోయింది.

"సార్, ఒక్కటి గూడ బతికి లేదు. మేం కలిపిన మేత కలిపినంత గట్లనే ఉన్నది."

"ఒక్క క్రిమి గూడ లేదా?"

"లేదు సార్. ఎవలో బ్లీచింగ్ కలిపిండ్రు."

"ఎవలు?"

పదవి పోయినట్టేననుకున్నాడు ప్రేమ్‌సాగర్. "నేనే సార్" అన్నాడు ముందుకొచ్చి.

మంత్రిగారు అతన్ని గుండెకు హత్తుకున్నారు. మైకందుకున్నారు. "దేశంల ఒక్క క్రిమి లేని సముద్రం ఏడున్నది? కట్టంగూరుల! ప్రేమ్‌సాగరే చైర్మన్!"

మెడలో దండ పడింది. ముందు వరసలో ఉమారాణి కొంగుతో కళ్లు ఒత్తుకుంది. ఆమె బతుకులో అంత సంతోషం ఎన్నడూ లేదు.

మంత్రిగారి ప్రసంగం ఇంకా అయిపోలేదు. "పని ఖతమైంది గనుక గీ ఆఫీసును ఇయ్యాల్నే మూసేస్తున్నం. ప్రజల పైసలు దండుగ చేసే సర్కారు కాదు మాది!"

అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది చైర్మన్ గారే. చేతులకు అలవాటు.

ఇంటికి ఆటోలో పోతుంటే ఉమారాణి మెల్లగా అడిగింది. "కారెప్పుడిస్తరట?"

ప్రేమ్‌సాగర్ ఒళ్లో దండ సర్దుకున్నాడు.

"జర ఆగరాదు. మూసేసిన ఆఫీసుకు కారు ఇస్తరో లేదో రేపు అడిగొస్త."